ఏమీ చేయని ఆవిడ చేతిసంచి

అప్పీలు కోర్టులో ఎవరూ ఏడవరు. అక్కడ సాక్షులు ఉండరు, జ్యూరీ ఉండదు, ప్రమాణం చేయించేవాళ్ళు ఉండరు. కింది కోర్టులో ఎవరేం అన్నారో, ఎవరే కాగితం చూపించారో అదంతా అచ్చయి కట్టలు కట్టలుగా పైకి వెళుతుంది. ముగ్గురు జడ్జీలు ఆ కట్టలు చదువుతారు. అందులో లేనిది లోకంలోనే లేనట్టు. లాయర్ల ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న మన పిల్లలు ఈ సంగతి మొదటి వారంలోనే నేర్చుకుంటారు. అది నాకు ఒంటబట్టడానికి పద్దెనిమిదేళ్ళ సర్వీసు సరిపోలేదు. ఒక పెద్దాయన రావలసి వచ్చింది.

నేను అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక చిన్న లాయరు ఆఫీసులో అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. లాస్ కొలీనాస్ గాజు మేడల మధ్య మూడో అంతస్తులో నాలుగు గదులు మావి. అన్నీ రోడ్డు ప్రమాదాల కేసులే. కాగితాలు సేకరించడం, గడువులు దాటిపోకుండా చూడటం, తెలుగువాళ్ళు వస్తే వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. మా లాయరు ఆరడుగుల టెక్సాస్ మనిషి, సూటు కిందికి కూడా పశువుల కొట్టంలోకి వెళ్ళే బూట్లే వేసుకునేవాడు. ఆయన తర్వాత ఆఫీసులో పెత్తనం ఒక మెక్సికన్ సెక్రటరీది. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. నేను కుర్చీలో వెనక్కి ఆనుకోగా ఆమె ఎన్నడూ చూడలేదు. అందుకని నన్ను "క్వీన్" అని పిలిచేది. ఎగతాళికే పిలిచేదని నాకు తెలుసు. ఆ పిలుపు నాకు నచ్చేదన్న సంగతి ఆమెకు తెలుసు.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. మా వంశానికి నేనే ఆఖరుదాన్ని. మా తాతగారి రోజుల్లో మా ఇంట్లో పనివాళ్ళే ఇరవై మంది ఉండేవారట. నాకు ఊహ తెలిసేసరికి ముగ్గురు మిగిలారు. పదేళ్ళు వచ్చేసరికి ఆ ముగ్గురూ లేరు. పొలాలు పోయాయి, గుర్రపు బండి పోయింది, మండువాలో అద్దాల బీరువా కూడా పోయింది. మా నాన్నగారి మాట తీరు మాత్రం పోలేదు. ఎవరైనా వస్తే "మా ఇంటి ఆడవాళ్ళకు పొయ్యి ఏ దిక్కున ఉందో కూడా తెలియదండీ" అనేవారు. ఆ మాట లోపలికి వినపడగానే మా అమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, మొహం కడుక్కుని, మిగిలిన ఒక్క పట్టుచీర చుట్టుకుని వచ్చి హాల్లో కూర్చునేది. కాలిన వేళ్ళు కొంగు కింద దాచుకుని, వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా ఏమీ చేయకుండా కూర్చునేది. అలా కూర్చోవడం చూసి నేను చాలా గర్వపడేదాన్ని.

ఇక కేసు సంగతి. కూతురి దగ్గర, మనవరాలి దగ్గర ఆరు నెలలు ఉండి పోదామని ఒక భార్యాభర్తలు వచ్చారు. ఆయన వరంగల్ వైపు బస్సు డిపో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఒకరోజు పొద్దున పదింటికి ఆవిడ అపార్ట్‌మెంట్ల గేటు ముందు రోడ్డు దాటుతోంది. నడిచేవాళ్ళను దాటమనే తెల్లబొమ్మ వెలుగుతూనే ఉంది. సామాను చేరవేసే వ్యాను ఒకటి కుడిపక్కకు తిరుగుతూ వచ్చింది. ఎడమనుంచి కార్లు వస్తున్నాయేమోనని డ్రైవరు అటు చూస్తూ ముందుకు పోనిచ్చాడు. ఇక్కడ కారు నడిపే మనందరికీ ఆ అలవాటు ఉంది. రోడ్డు మీద కాళ్ళతో నడిచే మనిషి ఉంటుందని ఎవరికీ తట్టదు.

ఆవిడ అక్కడికక్కడే పోయింది.

నెల దాటాక తండ్రీ కూతుళ్ళు మా ఆఫీసుకు వచ్చారు. వ్యాను కంపెనీ ఏదో ఇస్తామంది. ఆ కాగితం ఆయన నా బల్ల మీద పెట్టి, "ఇది తీసుకుంటే సంతకం పెట్టి ఇంటికి పొమ్మన్నట్టుంది, మేడం. పైసల కోసం కాదు. ఒక మనిషి ఉండె, పోయింది అని పెద్ద కోర్టుల రాయాలె. గంతే నాకు గావాల్సింది" అన్నారు.

"డాడీ, లాయర్‌తో ఇట్ల ఎమోషనల్‌గా మాట్లాడొద్దు అన్నా కదా" అంది కూతురు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌గా చేస్తోంది. నావైపు తిరిగి, "సారీ ఆంటీ" అంది.

నన్ను ఆంటీ అనవద్దని ఆ రోజే చెప్పాను. ఆ తర్వాత మూడేళ్ళూ ఆ అమ్మాయి ఆంటీ అనే పిలిచింది.

విచారణకు ముందు ఎదుటి లాయరు మన మనిషిని కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, ప్రశ్నలు వేస్తారు. దాన్ని డిపొజిషన్ అంటారు. దానికి ఆయనను తయారు చేయడం నా వంతు. అడిగినదానికే జవాబు చెప్పండి, తెలియకపోతే తెలియదనండి అని అందరికీ చెప్పేవే చెప్పాను. దానికి తోడు నా సొంత తెలివి ఒకటి కలిపాను.

"మీరు విజిటర్ వీసా మీద వచ్చారు. ఆవిడ ఇక్కడ పని చేసేదని మాత్రం అనకండి. లేనిపోని చిక్కు."

"పనా? మా ఆమెనా?" ఆయన నవ్వారు. ఆయన మొహంలో దుఃఖం లేకపోవడం అదే మొదటిసారి చూశాను. "మేడం, ముప్పై ఎనిమిదేండ్లు డ్యూటీ నేనే చేసిన. ఆమెకు ఆ తిప్పలే రానియ్యలే."

అది విని నాకు హాయిగా అనిపించింది. మా నాన్నగారి గొంతు వరంగల్ యాసలో విన్నట్టుంది.

మనవరాలికి అన్నం తినిపించినందుకు ఏ వీసా అధికారీ ఎవరినీ పట్టుకోడు. అది నాకు తెలుసు. కానీ మన వాళ్ళలో పని అనగానే జీతం, వీసా, విమానాశ్రయంలో అడిగే ప్రశ్నలు అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. ఆ భయాన్ని తీసేయాల్సిన దాన్ని నేను. దానికి ఇంకో తాళం వేశాను.

డిపొజిషన్ రోజున వచ్చిన ఎదుటి లాయరు చాలా మర్యాదగల అమ్మాయి. ఆయనకు మంచినీళ్ళు తనే తెచ్చి ఇచ్చింది. వాళ్ళు పిలిపించిన దుబాసీ ద్వారా, "మీ భార్య ఏం చేసేవారండీ?" అని అడిగింది.

"ఏం చెయ్యది. హౌస్‌వైఫ్."

"మీ అమ్మాయి ఇంట్లో ఏమైనా పనులు చూసేవారా?"

ఆయన కుర్చీలో నిటారుగా అయ్యారు. "మా బిడ్డ ఇంటికి మేం పని చెయ్యనీకి రాలే. చూసి పోదామని వచ్చినం. ఆమెకు పని చేసే అవసరం నేనెన్నడూ రానియ్యలే."

"ఆ రోజు ఎక్కడికి వెళుతున్నారు?"

"వాకింగ్‌కు. రోజూ పోతది."

ఆ అమ్మాయి థాంక్యూ అని కాగితం తిప్పింది.

ఆ జవాబులు అచ్చయి వచ్చాక సాక్షి వాటిని చదువుకుని, తప్పులుంటే కారణం రాసి దిద్దుకోవచ్చు. అందుకు ఇరవై రోజుల గడువు ఉంటుంది. ఆయన వచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు. నేను ఇంగ్లిష్‌లో ఉన్నది తెలుగులో చదివి వినిపించాను. 'ఏం చెయ్యది' అన్న జవాబు దగ్గర ఆగాను. ఆగానన్నది నిజం. దిద్దాల్సిన చోటు అదేనని నా ఉద్యోగానికి తెలుసు. వంట చేసేదా, మనవరాలిని చూసుకునేదా, మీకు మందులు ఇచ్చేదా అని ఒక్కొక్కటిగా అడిగితే ఆయన చెప్పేవారే.

"ఇది ఇలాగే ఉంచమంటారా?" అని మాత్రం అడిగాను.

"ఉండనియ్యిండ్రి మేడం. పరాయోళ్ళ ముంగట మా ఇంటామె గిన్నెలు తోమిందని రాయిస్తనా?"

"అలాగే ఉంచుదాం" అన్నాను. దిద్దుబాట్లు లేవని రాసి సంతకం తీసుకున్నాను.

ఆ సాయంత్రం మా లాయరు తలుపు దగ్గర ఆగి, "ఈ జవాబుల్లో మీవాళ్ళకు అర్థమై నాకు అర్థం కానిదేమైనా ఉందా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను. వెన్ను నిటారుగానే ఉంది.

వీసా గడువు దాటకుండా ఆయన ఊరికి వెళ్ళి వస్తూ ఉండేవారు. విచారణ డాలస్ కోర్టులో నాలుగు రోజులు జరిగింది. పోలీసు ఆఫీసరు ఫొటోలు చూపించే పూట, తండ్రిని కూతురు బయటికి తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టింది. తర్వాత ఆ అమ్మాయి సాక్ష్యం చెబుతూ, అమ్మ ఇంట్లో హెల్ప్ చేసేదని, పాపను స్కూలుకు రెడీ చేసేదని రెండు వాక్యాలు చెప్పి ఏడ్చేసింది. మూడోది చెప్పలేకపోయింది. ఎదుటి లాయరు లేచి, అదే మర్యాదతో, తండ్రి జవాబులను జ్యూరీకి చదివి వినిపించింది. ఆయనను బోనులోకి పిలిచి, ఈ మాటలు మీవేనా అని అడిగింది.

"నావే" అన్నారాయన. తన మాట తాను కాదనే మనిషి కాదు.

తప్పు డ్రైవరుదేనని జ్యూరీ తేల్చింది. ఆ తర్వాత నష్టపరిహారం కాగితం మీద ఒక్కో గడి నింపుతూ వచ్చారు. భార్య తోడు పోయినందుకు కొంత రాశారు. అదెంతో ఇక్కడ చెప్పడానికి నాకు సిగ్గు. ఆ కింద, భార్య చేసే పనులు, చూసుకునే సంరక్షణ పోయినందుకు అన్న గడిలో సున్నా పెట్టారు. అంకె గుండ్రంగా, శ్రద్ధగా రాసి ఉంది.

కారిడార్‌లో ఆయన ఆ కాగితం నకలు పట్టుకుని, సున్నా మీద వేలు పెట్టి, "ఇది మా ఆమెదా?" అని అడిగారు.

నేను తల ఊపాను.

"ఈ సున్నా తీసేయించొచ్చా, మేడం? పైసలు పెంచకున్నా మానె. ఇది తీసేయమనుండ్రి."

సున్నా ఒక్కటే తీసేయడం ఏ కోర్టులోనూ కుదరదు. పరిహారం చాలదని అప్పీలుకు వెళ్ళాలి. కింది కోర్టు జడ్జిని మళ్ళీ విచారించమని అడిగాం, కాదన్నాడు. అప్పుడు అప్పీలు వేశాం. మా లాయరు ముందే చెప్పాడు: "కొత్త సాక్షిని తేలేం. కొత్త మాట చెప్పలేం. ఉన్న కట్టల్లోనే వెతకాలి. ఆ కట్టల్లో మనకు అడ్డంగా కూర్చున్నది మన మనిషే."

అప్పీలుకు ఇచ్చే రాతపూర్వక వాదనలో ప్రతి వాక్యానికీ పేజీ నంబరు వేయడం నా పని. కట్టలు మళ్ళీ మొదటినుంచి తిప్పాను. ఎదుటివాళ్ళు చూపించిన కాగితాల్లో పోలీసుల జాబితా ఒకటి ఉంది. రోడ్డు మీద పడిన ఆవిడ సంచిలో దొరికిన వస్తువులవి. రెండు చేతులా బరువులు ఉన్నాయి, ఆవిడ దారి చూసుకోలేదు అని వాదించడానికి వాళ్ళు పెట్టినది. దాన్ని నేను అంతకుముందు రెండుసార్లు చూశాను. రెండుసార్లూ వస్తువులుగానే చూశాను.

పిల్లల పుస్తకాలు మూడు, లైబ్రరీవి. మూతపడిన స్టీలు గిన్నె ఒకటి, లోపల తిండి పదార్థం. పిల్లల జాకెట్టు, జిప్పు సగం కుట్టినది, సూది అందులోనే ఉంది. డ్రై క్లీనింగ్ రసీదు, మగవారి చొక్కాలు. మందుల షాపు చీటీ, భర్త పేరు మీద. మగవారి కళ్ళజోడు, ఒక కాడ విరిగినది.

ఆ మూడోసారి చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. హాల్లోకి వచ్చేముందు వంటింటి గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, చీర కుచ్చిళ్ళు సవరించుకునేది. ఆ గుమ్మం అవతల ఏముండేదో నేను ఎన్నడూ తొంగి చూడలేదు.

వాకింగ్ కాదది. అది ఒక ఇంటిల్లిపాది పని, ఒక సంచిలో పెట్టుకుని ఆవిడ రోడ్డు దాటుతోంది.

జాబితా పట్టుకుని మా లాయరు గదిలోకి వెళ్ళాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. జాబితా చూపించాను. ఆయన బూట్లు బల్ల మీదినుంచి దించి, రెండుసార్లు చదివి, "ఇది మనకు ఎప్పటినుంచి ఉంది?" అన్నాడు.

"మొదటినుంచీ."

ఆ తర్వాత మిగతాది కూడా చెప్పాను. వీసా గురించి నేను పెట్టిన భయం, దిద్దకుండా తీసుకున్న సంతకం, ఆయన తలుపు దగ్గర అడిగిన ప్రశ్న, నా జవాబు.

"ఆ రోజు నిన్ను అడిగాను" అన్నాడు.

"అడిగారు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆ జవాబు నాకు అందంగా వినిపించింది."

నన్ను తీసేస్తాడనుకున్నాను, తీసేస్తే తలవంచకుండా వెళ్ళాలని లోపల సిద్ధపడుతున్నాను కూడా. ఆయన కాగితం నా చేతికిచ్చి, "పేజీ నంబరు వేసి తీసుకురా" అన్నాడు.

బయటికి వచ్చేసరికి సెక్రటరీ నా బల్ల మీద కాఫీ పెట్టి ఉంచింది. గోడలు పలచన, అంతా విన్నది. "క్వీన్, ఈ ఒక్కరోజు వెనక్కి ఆనుకో. ఎవరూ చూడరులే" అంది. ఆనుకున్నాను.

అప్పీలు వాదన రోజున పెద్దాయన వద్దన్నా వచ్చారు. ఇస్త్రీ బట్టలు, చేతిలో ఫైలు. డిపో తనిఖీకి వెళుతున్నట్టున్నారు. వెనక బెంచీలో మేమిద్దరం. మాట్లాడకూడదు కాబట్టి, ముందు నడుస్తున్నది నా పసుపు కాగితాల ప్యాడ్ మీద తెలుగులో రాసి చూపిస్తున్నాను. ఒక్కో పక్షానికి నిమిషాలు లెక్క. గడువు దగ్గరపడితే దీపం రంగు మారుతుంది. మా లాయరు చెప్పాల్సింది చెప్పి కూర్చున్నాడు. ఎదుటి అమ్మాయి లేచి, భర్తే ప్రమాణం చేసి ఏమీ చేయదని చెప్పాక జ్యూరీ సున్నా రాయడంలో తప్పేముందని అడిగింది. సంచి వల్ల ఆవిడ దారి చూసుకోలేదని కూడా అంది.

ముగ్గురిలో నడి కుర్చీలో ఉన్న జడ్జి జుట్టు నెరిసిన ఆవిడ. కళ్ళద్దాల పైనుంచి చూసింది. "రెండు చేతులూ నిండుగా ఉన్నాయని మీరే జ్యూరీకి చెప్పారు. దేనితో నిండుగా ఉన్నాయి?"

"ఇంటి సామాన్లు, యువర్ ఆనర్."

"ఎవరి ఇంటి సామాన్లు?"

ఎదుటి అమ్మాయి కాగితం వైపు చూసింది. దీపం రంగు మారింది.

నేను జాబితా అంతా తెలుగులో గబగబా రాస్తున్నాను. ఆయన నా భుజం మీదుగా చదువుతున్నారు. చివరి వరుస దగ్గర ఆయన వేలు వచ్చి ఆగింది. అక్కడినుంచి కదల్లేదు.

కోర్టు మెట్లు దిగాక చెప్పారు. "పొద్దున్నే అరిచిన ఆమె మీద. పాత కళ్ళజోడు ఎక్కడ పెట్టినవ్, ఒక్క వస్తువు కుదురుగ ఉంచవ్, దినమంతా ఏం చేస్తున్నవే అన్న. ఏం మాట్లాడలే. వాకింగ్ పోయొస్త అన్నది." ఆయన జేబులోంచి రుమాలు తీశారు, మళ్ళీ లోపల పెట్టారు. "రిపేరుకు తీస్కపోతున్నదా?"

"అవునండీ. ఆ దారిలోనే కళ్ళజోళ్ళ షాపు ఉంది."

"డాడీ, కార్‌లో కూర్చుందాం పద" అంది కూతురు. ఆయన ఎండలోనే నిలబడ్డారు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. ఆ సున్నా సాక్ష్యానికి పూర్తిగా విరుద్ధమని, కేసు మళ్ళీ మొదటినుంచి విచారించాలని రాశారు. మొదటినుంచి అంటే తప్పెవరిదన్నది కూడా మళ్ళీ తేల్చాలి. రెండోసారి జ్యూరీ ఏమంటుందో ఎవరికీ తెలియదు. ఆ సంగతి వ్యాను కంపెనీకి కూడా తెలుసు. విచారణ తేదీ పడకముందే, మొదట అన్నదానికి చాలా రెట్లు ఇస్తామని రాజీకి వచ్చారు. తీసుకోమని మా లాయరు, కూతురు ఇద్దరూ చెప్పారు. అదే మంచి సలహా. ఆయన ఒప్పుకున్నారు.

సంతకాల రోజున ఆ పాత కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. రాజీ కుదిరాక సంచి ఆయనకు తిరిగి ఇచ్చేశారు. విరిగిన కాడ అతికించి ఉంది.

"సున్నా పోయిందా, మేడం?"

"పోయిందండీ. కింది కోర్టు తీర్పు మొత్తం కొట్టేశారు."

"మళ్ళ కోర్టుల ఆ ప్రశ్న అడుగుతరు గదా? మా ఆమె ఏం చేసేదని?"

"రాజీ అయింది కదండీ. ఇక ఎవరూ అడగరు."

ఆయన మొహం చిన్నబోయింది. ఫైలు విప్పారు. లోపల పెద్ద కాగితం, స్కేలు పెట్టి గీసిన గడులు. బస్సు డిపోల్లో డ్రైవర్లకు, కండక్టర్లకు వేసే డ్యూటీ చార్టు అది. ఎడమ పక్క టైము, పక్కన పని, ఆ పక్కన ఎవరి కోసం, చివర రెస్టు. తీర్పు వచ్చిన దగ్గరనుంచీ, కూతుర్నీ మనవరాలినీ అడిగి, పక్క అపార్ట్‌మెంట్లో బాలింతను అడిగి, హన్మకొండలో ఉన్న మరదలికి ఫోన్ చేసి అడిగి, తనకు గుర్తున్నది కలిపి నింపుకుంటూ వచ్చారట. నాలుగు నలభైకి మొదలైంది. రెస్టు గడిలో ఏమీ లేదు.

"డ్రైవర్‌కు ఇట్ల డ్యూటీ వేస్తే యూనియనోళ్ళు నన్ను డిపోలనే కొడుతుండె" అన్నారు. నవ్వబోయి ఆగిపోయారు. "మీరన్న అడుగుండ్రి, మేడం. ప్రిపేరై వచ్చిన."

మా లాయరు వేరే గదిలో ఉన్నాడు. కూతురు పార్కింగ్‌లో ఫోన్ మాట్లాడుతోంది. తలుపు దగ్గరికి వేశాను. ప్యాడ్ తీసుకుని, పెన్ను మూత తీసి, ఎదుటి లాయరు అడిగినట్టే అడిగాను.

"మీ భార్య ఏం చేసేవారండీ?"

ఆయన గొంతు సవరించుకుని, చార్టు చూసి మొదలుపెట్టారు. మూడో గడి దాటాక చార్టు చూడటం మానేశారు. మధ్యాహ్నం దాకా చెప్పారు. మధ్యలో సెక్రటరీ తలుపు తీసి, మా ఇద్దరినీ చూసి, చప్పుడు చేయకుండా మళ్ళీ వేసింది. ఎక్కడైనా నా చెయ్యి ఆగితే "రాసిండ్రా?" అనేవారు. రాశానండీ అంటే తర్వాతి పనికి వెళ్ళేవారు.

కేసు మూసేశాం కాబట్టి ఆ కాగితాలు పెట్టడానికి ఫైలు లేదు. చార్టు మీ దగ్గరే ఉండనియ్యిండ్రి అన్నారు. రిటైరైన రోజు ఆఫీసునుంచి నేను ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే.

మొన్న ఒక మధ్యాహ్నం దాన్ని ముందు పెట్టుకుని, స్కేలుతో అలాంటి గడులే ఇంకో కాగితం మీద గీశాను. పైన మా అమ్మ పేరు రాశాను. పేరు రాయడం సులువుగానే జరిగింది. ఏడు గంటల గడిలో, నాకు జడ వేయడం అని రాశాను. తర్వాత కాఫీ, నాన్నగారి పంచెలు ఉతకడం, ఎవరైనా వస్తే పట్టుచీర. ఏడుకు ముందు కూడా ఆవిడ లేచే ఉండేది. నేను కళ్ళు తెరిచేసరికి వాకిట్లో ముగ్గు ఉండేది, నీళ్ళు కాగి ఉండేవి, ఇల్లంతా అప్పటికే ఎవరో నడిపించి వదిలినట్టుండేది. కానీ ఆ ఇంట్లో నేను నిద్ర లేచేది ఏడింటికి. అంతకు ముందు గడులు ఎలా నింపాలో చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.